హెరిటేజ్ నైట్‌కి వెళ్తాం సరే, బోర్డు మీటింగ్‌కో?

ఈపాటికి మీ గ్రూపులో ఆ ఫ్లయరు తిరుగుతూనే ఉంటుంది. చుట్టూ దేశదేశాల జెండాలు, మధ్యలో ఒక భూగోళం, కింద "వాలంటీర్లు కావాలి". మల్టీకల్చరల్ నైట్ అనండి, హెరిటేజ్ నైట్ అనండి, మన పిల్లల బడిలో ఏడాదికోసారి వచ్చే పండగ అది. ఫ్లయరు పడిన పది నిమిషాల్లో గ్రూపంతా హడావుడి. పట్టు లంగాలు ఎవరి దగ్గరున్నాయి, కోలాటం కర్రలు ఎవరి గరాజ్‌లో ఉన్నాయి, పాట ఎవరు కట్ చేస్తారు, పిల్లలకి జడలెవరు వేస్తారు... రాత్రికల్లా వంద మెసేజీలు.

దాదాపు అదే వారంలో స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి ఇంకో మెయిలు కూడా వస్తుంది. దానికి రంగుల్లేవు, బొమ్మల్లేవు. వచ్చే ఏడాది క్యాలెండరు ముసాయిదా, ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్ళాలో మార్చే సరిహద్దుల మ్యాపు, బడ్జెట్, ఫలానా సోమవారం బోర్డు మీటింగ్. దాని గురించి మాత్రం గ్రూపులో ఒక్క మెసేజీ ఉండదు. నేను డాలస్ ఉత్తరపు శివార్లలో ఉంటాను, రాత్రి షిఫ్టులు చేసే నర్సుని. పొద్దున ఇంటికొచ్చి నిద్రపట్టే లోపల చదివేవి ఈ మెయిళ్ళే. కాబట్టి ఈసారి సంచికలో రెండు మెయిళ్ళ గురించీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఊళ్ళో ఉండి ఈ పత్రిక చదివే అమ్మలకీ, అత్తయ్యలకీ, పెద్దమ్మలకీ ఒక మాట. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే కలెక్టరు గారుండే జిల్లా కాదు. కొన్ని బడులన్నిటినీ కలిపి నడిపే స్థానిక సంస్థ. మన మునిసిపాలిటీ లాంటిదనుకోండి, కాకపోతే బడుల కోసమే. దేశం మొత్తం మీద ఇలాంటివి 13 వేలకు పైగా ఉన్నాయి. ఒక్క హవాయి మాత్రం రాష్ట్రమంతా కలిపి ఒకటే డిస్ట్రిక్ట్. చాలా రాష్ట్రాల్లో మేం కట్టే ఇంటి పన్నులో పెద్ద వాటా దీనికే పోతుంది. రోజువారీ పనులన్నీ చూసే పెద్ద ఉద్యోగిని సూపరింటెండెంట్ అంటారు. ఆ ఉద్యోగిని నియమించేది స్కూల్ బోర్డు. బోర్డులో కూర్చునేవాళ్ళు ఎక్కువ చోట్ల ఓట్లతో గెలిచి వచ్చిన మామూలు మనుషులే. టెక్సస్‌లో అయితే వాళ్ళకి జీతం కూడా లేదు. అంటే మన పిల్లల బడి తెరవాలా మూయాలా, దీపావళికి సెలవివ్వాలా వద్దా అన్నది ఢిల్లీ లాగా ఎక్కడో వాషింగ్టన్‌లో తేలే సంగతి కాదు. మన ఇంటికి పది నిమిషాల దూరంలో, ఒక హాల్లో, ఏడెనిమిది మంది ముందు తేలుతుంది.

ఇక పండగ సంగతికి వద్దాం.

మనవాళ్ళకి హెరిటేజ్ నెల అంటే మే. ఏషియన్ అమెరికన్, పసిఫిక్ ఐలాండర్ల వారసత్వ మాసం. ఇది ప్రభుత్వం తనంత తాను ఇచ్చింది కాదండీ. దీని వెనక జీనీ జూ అనే ఆవిడ ఉన్నారు. వాషింగ్టన్‌లో కాంగ్రెస్ కార్యాలయాల్లో పనిచేసిన చైనా సంతతి మహిళ. ఆవిడ ముత్తాత ఖండాన్ని దాటే రైలుమార్గం వేసిన కూలీల్లో ఒకరు, తర్వాత ఆసియా వాళ్ళ మీద జరిగిన గొడవల్లో చంపేశారు. దేశం పుట్టి రెండు వందలేళ్ళయిందని 1976లో అంత ఘనంగా సంబరాలు జరిగితే అందులో మావాళ్ళ ఊసే లేదేమిటని ఆవిడ ఒక కాంగ్రెస్ సభ్యుడి దగ్గరికి వెళ్ళి అడిగారు. 1978లో ఒక వారం ఇచ్చారు. దాన్ని శాశ్వతంగా నెల చేసే చట్టం వచ్చేసరికి 1992 అయింది. మే నెలే ఎందుకంటే, మొదటి జపాన్ వలసదారు ఇక్కడ అడుగుపెట్టింది 1843 మే 7న, చైనా కూలీలు చెమటోడ్చిన ఆ రైలుమార్గం పూర్తయింది 1869 మే 10న.

ఈ నెలలో మన పిల్లలు పోస్టర్ చెయ్యాలంటే ఎవరి బొమ్మ పెడతారు? సత్య నాదెళ్ళ బొమ్మ. తప్పేం లేదు, పెట్టుకోండి. కానీ నన్నడిగితే ఒక్కసారి యల్లాప్రగడ సుబ్బారావు గారి బొమ్మ పెట్టించండి అంటాను. భీమవరంలో 1895లో పుట్టారు. 1922లో బోస్టన్‌లో దిగారు. శరీరంలో శక్తిని మోసే ఏటీపీ గురించి హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. మీలో కడుపుతో ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ మాత్ర మింగనివాళ్ళెవరు? దాన్ని తిరగేసి పనిచేసే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్‌తో ఉన్న పసిపిల్లలకిచ్చి 1948లో ఫలితాలు ప్రచురించారు. అంతవరకు ఆ జబ్బుకి మందే లేదు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. నాలాంటి నర్సులు ఇవాళ్టికీ గ్లవ్స్ వేసుకుని ఇచ్చే మందు. కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునేదీ అదే, మీ ఇంట్లో పెద్దవాళ్ళ మందుల డబ్బాలో ఉన్నా ఉండొచ్చు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. ఆశా వర్కర్లు ఇంటికొచ్చి దగ్గరుండి మింగించే బోదకాలు మాత్రలున్నాయే, ఆ డీఈసీ మందు కూడా ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిందే.

అంత చేసిన మనిషికి ఈ దేశం చాలా ఏళ్ళు పౌరసత్వం ఇవ్వలేదు. ఇవ్వడానికి చట్టమే లేదు. ఆయన వచ్చిన మరుసటి ఏడాది, 1923లో, భగత్ సింగ్ థింద్ కేసులో ఇక్కడి సుప్రీం కోర్టు భారతీయులు పౌరులు కాలేరని తేల్చేసింది. ఆ తలుపు మళ్ళీ కాస్త తెరిచింది 1946లో, అదీ ఏడాదికి సుమారు వంద మందికి. 1948 ఆగస్టులో ఆయన పోయారు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి వెళ్ళలేదు, భార్య అక్కడే ఉండిపోయారు. గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్ళ తరబడి కూర్చుని, ఊళ్ళో పెద్దవాళ్ళ చివరి చూపుకి కూడా వెళ్ళలేకపోయినవాళ్ళు మన గ్రూపులో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. పిల్లలకి ఈ కథ చెప్తే కళ్ళార్పకుండా వింటారు. నాదెళ్ళ గారి కథకి అలా వినరు, అది వాళ్ళకి తెలిసిందే.

మే ఒక్కటే మనది, మిగతా నెలలు ఎవరివో అనుకుంటాం చూడండీ, అక్కడే నాకు కొంచెం కోపం వస్తుంది. ఫిబ్రవరి సంగతి తీసుకోండి. నల్లజాతి చరిత్ర మాసం. కార్టర్ వుడ్సన్ అనే చరిత్రకారుడు 1926లో ఒక వారంగా మొదలుపెట్టారు, 1976 నుంచి నెల అయింది. బడిలో ఆ కార్యక్రమాలకి మన పట్టు చీరలు కనపడవు. కానీ ఆలోచించండి. అప్పటిదాకా ఏడాదికి వంద మంది భారతీయులనే రానిచ్చిన దేశం తలుపులు తెరిచింది 1965 నాటి వలస చట్టంతో. ఆ చట్టం ఎప్పుడొచ్చింది? 1964 పౌర హక్కుల చట్టం తర్వాత, జాతిని బట్టి మనుషుల్ని వేరుచేయడం తప్పని నల్లవాళ్ళు రోడ్ల మీద దెబ్బలు తిని దేశం చేత ఒప్పించిన తర్వాత. అప్పుడొచ్చిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు, వాళ్ళ వెనక వాళ్ళ కుటుంబాలు, ఇప్పుడు మనం. మన వీసా స్టాంపు వెనక ఎవరి కష్టం ఉందో పిల్లలకి ఫిబ్రవరిలో చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తాం?

సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు హిస్పానిక్ హెరిటేజ్ నెల. సరిగ్గా మన బతుకమ్మ రోజులు చాలా ఏళ్ళలో దీంట్లోనే పడతాయి. ఇక్కడ తంగేడు దొరకదు, గునుగు దొరకదు. బంతీ, చామంతీ పెట్టి పేరుస్తాం. ఆ బంతిపువ్వు పుట్టిల్లు ఏదనుకున్నారు? మెక్సికో. వాళ్ళు దాన్ని సెంపసూచిల్ అంటారు, నవంబరు మొదట్లో చనిపోయిన పెద్దల్ని తలచుకునే పండగకి గుట్టలు గుట్టలుగా పోస్తారు. మన పితృ అమావాస్య నాడు మొదలయ్యే పండగలో కూడా అదే పువ్వు. ఇంకా వినండి. మిరపకాయ కూడా అటునుంచి వచ్చిందే, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో, పదహారో శతాబ్దంలో. అంతకుముందు మనకి కారం అంటే మిరియమే, పేరు కూడా దాన్నుంచే. ఎండుమిర్చి ఘాటు పీలుస్తూ పెరిగిన గుంటూరు పిల్లని, నాకే ఈ సంగతి తెలిసినప్పుడు కాసేపు మింగుడుపడలేదు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిపప్పు, జామ, బొప్పాయి, ఆఖరికి సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం, అన్నీ ఈ ఖండాలవే. బడిలో మెక్సికో తల్లులు బల్ల పెట్టినప్పుడు వెళ్ళి ఈ కబుర్లు చెప్పండి. స్పానిష్ రాకపోయినా పర్వాలేదు, ఒక ఎండుమిరపకాయ చూపిస్తే చాలు.

మార్చి స్త్రీల చరిత్ర మాసం. శిరీష బండ్ల 2021లో అంతరిక్షం అంచుల దాకా వెళ్ళొచ్చింది, హైదరాబాదులో పుట్టిన అరుణ మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. వీళ్ళ గురించి పిల్లలకి తెలుసు. ఎదురు దారిలో వెళ్ళిన ఒకావిడ గురించి చెప్పనా? పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టిన డాక్టర్ ఆనా కుగ్లర్. 1883లో గుంటూరు వెళ్ళారు, ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆస్పత్రి కట్టించారు, 1930లో అక్కడే కన్నుమూశారు. కుగ్లర్ ఆస్పత్రి అంటే గుంటూరులో ఆటో అతను ఇప్పటికీ దారి అడగడు. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉండే మన తెలుగు పిల్లలు మార్చిలో ఈవిడ మీద పోస్టర్ చేస్తే వాళ్ళ టీచర్లే ఆశ్చర్యపోతారు.

బల్ల మీద ఏం పెట్టాలన్న ప్రశ్న మాత్రం ప్రతిసారీ వస్తుంది. ఎక్కువగా జరిగేది ఏమిటంటే "ఇండియా" అని ఒక బోర్డు, కొనుక్కొచ్చిన సమోసాలు, ఒక హిందీ పాట. మన పిల్లలు కూడా ఇండియా అంటే అదే అనుకుంటున్నారు. సమోసా మీద నాకేం పగ లేదు, కానీ మన అరిసె ఏమైంది, మన బొబ్బట్టు ఏమైంది అంటారు కదా. అక్కడ నర్సుగా ఒక హెచ్చరిక. మన పిండివంటల్లో సగం ఇక్కడి అలెర్జీ జాబితాలో ఉంటాయి. పల్లీ ఉండ, జీడిపప్పు పాకం, నేతి సున్నుండ, నువ్వుల అరిసె. నువ్వుల్ని 2021 నాటి చట్టంతో తొమ్మిదో ప్రధాన అలెర్జీ పదార్థంగా చేర్చారు, 2023 జనవరి నుంచి ప్యాకెట్ల మీద తప్పకుండా రాయాలి. చాలా బడులు ఇంట్లో వండినవి అసలు ఒప్పుకోవు. అది మన వంటని తక్కువ చేయడం కాదు. పల్లీ పొడి తగిలి పెదవులు వాచి, ఊపిరాడక ఎమర్జెన్సీకి వచ్చిన పిల్లల్ని నేను చూశాను. ఎపిపెన్ ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ తల్లి ముఖం చూడలేం.

తిండి లేకుండానే బల్ల నింపొచ్చు. అన్నిటికంటే బాగా నడిచేది ఏమిటో తెలుసా? ఒక స్కెచ్ పెన్ను, కాసిని అట్టముక్కలు. ఎవరొస్తే వాళ్ళ పేరు తెలుగులో రాసివ్వడం. డైలాన్, సోఫియా, ముహమ్మద్, షియావో, ఎవరి పేరైనా మన అక్షరాల్లో ఇట్టే ఒదిగిపోతుంది. గుండ్రటి అక్షరాలు చూసి "ఇది బొమ్మా, రాతా?" అని అడుగుతారు. మా పిల్లల బడిలో క్యూ హాలు గుమ్మం దాటింది, హైస్కూలు పిల్లలు ముగ్గురు కూర్చుని రాసినా తరగలేదు. ఇంట్లో "తెలుగు క్లాసుకి నేను రాను" అని మొండికేసే పిల్ల, అక్కడ మాత్రం రాణిలా కూర్చుని రాసింది. బయట సిమెంటు మీద చాక్‌పీసులతో చుక్కల ముగ్గు, ఒక కొండపల్లి ఎడ్లబండి, పోచంపల్లి చీర ఒకటి పరిచి ఆ నేత ఎలా వస్తుందో చెప్పే పెద్దావిడ. ఖర్చు కూడా లేదు.

ఇదంతా ఒక్క రాత్రి ముచ్చట. తెల్లారితే బల్లలు మడిచేస్తారు. అందుకే ఇప్పుడు ఆ రెండో మెయిలు.

దీపావళి సెలవు సంగతే చూడండి. న్యూయార్క్ నగరంలో అది ఊరికే రాలేదు. అక్కడి భారతీయ, కరీబియన్ కుటుంబాలు ఇంచుమించు ఇరవై ఏళ్ళు అడుగుతూనే ఉన్నాయి. అసెంబ్లీ సభ్యురాలు జెనిఫర్ రాజ్‌కుమార్ గట్టిగా పట్టుబట్టారు. 2023 నవంబరు 14న గవర్నర్ సంతకం చేశారు, 2024 నవంబరు 1న బడులకి మొదటిసారి సెలవొచ్చింది. మనకి ఆ ఏడాది దీపావళి అక్టోబరు 31నే, పిల్లలకి హాలోవీన్ వేషాలూ మతాబులూ ఒకే రాత్రి, సెలవు మరునాడు! అయినా ఇరవై ఏళ్ళు అడిగినవాళ్ళకి ఆ తేడా ఒక లెక్కా? మన దగ్గర చాలా డిస్ట్రిక్టుల్లో ఇలాంటి నిర్ణయానికి రాష్ట్ర చట్టం కూడా అక్కర్లేదు. క్యాలెండరు ముసాయిదా మీద అభిప్రాయం అడుగుతూ ఒక సర్వే లింకు పంపుతారు. ఆ లింకు రెండో మెయిల్లో ఉంటుంది.

సెలవు కంటే పెద్ద సంగతులూ ఉన్నాయి. 2024 జూన్‌లో ప్లేనో డిస్ట్రిక్ట్ బోర్డు నాలుగు బడుల్ని మూసేయాలని ఓటేసింది. రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్. కారణం పిల్లలు తగ్గడం. పుట్టేవాళ్ళు తక్కువ, ఇళ్ళ ధరలు చిన్న కుటుంబాలకి అందవు, పాత ఇళ్ళల్లో పెద్దవాళ్ళే ఉండిపోతున్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఆంధ్రలో 2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దూరంగా ఉన్న హైస్కూళ్ళలో కలిపినప్పుడు తల్లులు బడుల ముందు కూర్చున్నారు. అక్కడ వాగు దాటి వెళ్ళాలి, ఇక్కడ ఆరు లేన్ల రోడ్డు దాటాలి, అంతే తేడా. ఇలాంటి నిర్ణయాలు ఒక్క రాత్రిలో జరగవు. నెలల ముందు కమిటీ వేస్తారు, సమావేశాలు పెడతారు, లెక్కలు వెబ్‌సైట్‌లో పెడతారు. పిల్లాడి బడి మూస్తున్నారని మనకి తెలిసేది మాత్రం ఓటింగ్ అయిపోయాక, గ్రూపులో ఎవరో ఏడుపు బొమ్మతో ఫార్వర్డ్ చేసినప్పుడు.

"మాకు ఓటు లేదు కదా, హెచ్-4 మీద ఉన్నాం" అంటారు. ఓటు పౌరులకే, నిజం. మాట్లాడ్డానికి పౌరసత్వం అడగరు. బోర్డు మీటింగ్‌లో పబ్లిక్ కామెంట్ అని ఉంటుంది. ముందుగా పేరు నమోదు చేసుకుంటే రెండో మూడో నిమిషాలిస్తారు. రాసుకెళ్ళి చదివితే చాలు. మనిషి మనిషికీ బోర్డు సమాధానం చెప్పదు, విని ఊరుకుంటుంది. మొదటిసారి చూస్తే గోడకి చెప్పినట్టుంటుంది. కానీ వాళ్ళు లెక్కపెట్టుకుంటారు, ఫలానా విషయానికి ఎంతమంది వచ్చారని. ఇంకో మాట, టెక్సస్‌లో 2019 చట్టం ఒకటుంది. ఇంగ్లీషు రానివాళ్ళు అనువాదకుల ద్వారా మాట్లాడితే, అప్పటికప్పుడు చెవిలో వినిపించే అనువాద పరికరాలు లేనిచోట, కనీసం రెట్టింపు టైము ఇవ్వాలి. అంటే మూడు నిమిషాలైతే ఆరు. తెలుగులో మాట్లాడొచ్చన్నమాట.

ఇప్పుడు అన్నిటికంటే చిన్నగా కనిపించే కాగితం గురించి. పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒకటిస్తారు. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, బిడ్డ ఏ భాష మాట్లాడుతుంది అని అడుగుతుంది. మనవాళ్ళు చాలామంది రెండో ఆలోచన లేకుండా "ఇంగ్లీష్" అని రాసేస్తారు. తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్ క్లాసులో పడేస్తారని, బిడ్డ వెనకబడిందనుకుంటారని భయం. ఆ భయం నాకర్థమవుతుంది. కానీ ఏం జరుగుతుందో తెలుసుకుందాం. వేరే భాష పేరు రాస్తే బిడ్డకి ఒక ఇంగ్లీషు పరీక్ష పెడతారు. పాసైతే మామూలు క్లాసే. పాసవకపోతే సాయం ఇస్తామంటారు. అది వద్దని రాసిచ్చే హక్కు తల్లిదండ్రులకుంది, కాకపోతే ఏడాదికోసారి ఆ పరీక్ష మాత్రం రాస్తూనే ఉండాలి. ఆ సాయం కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాక క్లాసులో ఊరికే కూర్చున్న సుమారు 1,800 మంది చైనా పిల్లల తరఫున కేసు వేస్తే, లావ్ కేసులో 1974లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుతో వచ్చింది. మే నెల పోస్టర్లలో దీనికి కూడా చోటుండాలి.

నిజంగా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడితే ఇంగ్లీషే రాయండి. కానీ అమ్మమ్మతో, నాన్నమ్మతో, మీతో, అన్నం దగ్గర, స్నానం దగ్గర తెలుగే నడుస్తుంటే తెలుగు అని రాయండి. డిస్ట్రిక్ట్‌కి మనం కనపడేది ఆ కాగితంలోనే. ఏ భాషలో నోటీసులు అనువదించాలి, ఏ భాష వచ్చిన వ్యక్తిని ఆఫీసులో పెట్టుకోవాలి అన్నది ఆ లెక్కల్ని చూసే ఆలోచిస్తారు. టెక్సస్ చట్టం ప్రకారం ఇంగ్లీషు నేర్చుకుంటున్న ఒకే భాష పిల్లలు డిస్ట్రిక్ట్ మొత్తం మీద ఒక తరగతిలో 20 మంది ఉంటే వాళ్ళకి ద్విభాషా బోధనో, ప్రత్యేక భాషా కార్యక్రమమో పెట్టాలి. టీచర్లు దొరక్క మినహాయింపులు అడుగుతారు, అది వేరే గొడవ. జనాభా లెక్కల సర్వేలను బట్టి 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారు, నాలుగు లక్షలు దాటారు. అంతమందిమి ఉన్నాం. బడి కాగితాల్లో మాత్రం మనమే మనల్ని దాచేసుకుంటున్నాం.

హైస్కూలు పిల్లలున్నవాళ్ళకి ఒక లాభం కూడా చెప్తాను. సీల్ ఆఫ్ బైలిటరసీ అని, రెండు భాషలు బాగా వచ్చినవాళ్ళకి డిప్లొమా మీద ముద్ర వేస్తారు. 2011లో కాలిఫోర్నియాలో మొదలై దాదాపు దేశమంతా పాకింది. దానికోసం రాసే అవాంట్ సంస్థ పరీక్షల్లో తెలుగు కూడా ఉంది. మీ డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటుందా, ఫీజు ఎవరు కడతారు అని కౌన్సెలర్‌ని అడగండి. మనబడిలోనో పాఠశాలలోనో ఆదివారాలు పోగొట్టుకున్నామని గింజుకునే పిల్లలకి ఇది చూపించొచ్చు. ఇల్లినాయ్‌లో 2021లో, న్యూజెర్సీలో 2022 మొదట్లో ఆసియా అమెరికన్ల చరిత్ర బడిలో నేర్పాలని చట్టాలొచ్చాయి. ఆ రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు టీచర్‌ని మర్యాదగా అడగొచ్చు, "మా అమ్మాయి క్లాసులో ఆ పాఠం ఏ నెలలో ఉందండీ?" అని.

ఈ మధ్య ఒక గందరగోళం కూడా నడుస్తోంది, అది కూడా తెలిసుండాలి. 2025 జనవరి 31న రక్షణ శాఖ ఇలాంటి నెలల వేడుకలకి ప్రభుత్వ సొమ్మూ సమయమూ వాడొద్దంది. టెక్సస్‌లో సెనేట్ బిల్ 12 వచ్చింది, 2025 సెప్టెంబరు 1 నుంచి బడుల్లో డైవర్సిటీ పేరుతో చేసే పనులపై ఆంక్షలు. దాంతో కొన్నిచోట్ల హెరిటేజ్ నైట్ మానేద్దామా అని పీటీఏల్లో గుసగుసలు. ఆ చట్టంలోనే, సెలవుల్నీ స్మారక మాసాల్నీ గుర్తుచేసి వాటి ప్రాముఖ్యం నేర్పడాన్ని ఇది ఆపదు అని రాసి ఉంది. ఎవరైనా "ఇక మే నెల ఉండదట" అంటే కంగారుపడకుండా ఆ మాట చూపించండి. అదే చట్టం వల్ల పిల్లలు ఏ క్లబ్బులో చేరాలన్నా మీ రాతపూర్వక అనుమతి కావాలి. మన పిల్లల డ్యాన్స్ క్లబ్బైనా, భాషా క్లబ్బైనా. ఆ ఫారం కూడా మెయిల్లోనే వస్తుంది, సంతకం పెట్టకపోతే పిల్ల పేరు జాబితాలో ఉండదు.

అందరూ అన్నీ చెయ్యలేరు. పన్నెండు గంటల షిఫ్టు, ఇంటికొస్తే వంట, పిల్లల హోంవర్కు, నాకు తెలియంది కాదు. అందుకని మా గ్రూపులో వంతులు వేసుకున్నాం. నెలకొకరు డిస్ట్రిక్ట్ మెయిలు చదివి, అయిదు వాక్యాల్లో తెలుగులో వాయిస్ మెసేజీ పెట్టాలి. తారీఖు, ఏం నిర్ణయిస్తున్నారు, సర్వే లింకు, చివరి రోజు. అంతే. వాయిస్ ఎందుకంటే కారు నడుపుతూ వినొచ్చు, పైగా ఇంగ్లీషు చదవడం ఇబ్బందిగా ఉండే అత్తయ్యలు కూడా వింటారు. మొదటి నెల ముగ్గురే విన్నారు. ఇప్పుడు రికార్డింగు ఆలస్యమైతే ఫోన్లు చేస్తున్నారు. మీ గ్రూపుల్లో కూడా మొదలుపెట్టి చూడండి.

మా అత్తగారు ఖమ్మం నుంచి సెప్టెంబరులో వస్తున్నారు, బతుకమ్మకి. ఆవిడ ఊళ్ళో ఇరవై ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేశారు, సర్పంచు దగ్గర్నుంచి ఎంఈవో దాకా అందరితో బడి గురించి వాదించిన మనిషి. ఈ వ్యాసం డ్రాఫ్టు పంపితే మొత్తం చదివి ఒక్కటే అడిగారు. "అనువాదం చేసేదానివి నువ్వేనా? ఆ ఆరు నిమిషాలు నాకేం సరిపోతాయే?"